దయ్యానికి నేనిచ్చిన గొంతు

2011 మార్చిలో నన్ను ఒక పాత దయ్యాల ఆట మీద వేశారు. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. మా వీడియో గేమ్ స్టూడియో ఎల్.బి.నగర్ చౌరస్తా దాటగానే, విజయవాడ రోడ్డుకు ఆనుకుని ఉన్న భవనంలో రెండో అంతస్తులో ఉండేది. నా హోదా సౌండ్ లీడ్. అంటే ఆటలో అడుగుల చప్పుడు మొదలుకుని ఆఖరి కేక దాకా, వినిపించే ప్రతిదానికీ జవాబు చెప్పవలసినవాణ్ని. అంతకుముందు ఇరవై ఏళ్లు క్యాసెట్ల కంపెనీల్లో, డబ్బింగ్ థియేటర్లలో పనిచేశాను. క్యాసెట్ల కాలం పోయాక ఇటు వచ్చాను. నా కింద ఇద్దరు ఉండేవారు. నా పైన స్టూడియో అధిపతి శ్రీనివాసరావు గారు. ఆయన పైన ఆ ఆట హక్కులున్న విదేశీ సంస్థ తాలూకు నిర్మాత. ఆ నిర్మాతను వీడియో కాల్‌లో తప్ప నేనెన్నడూ చూడలేదు.

పాత ఆటను కొత్త యంత్రాలకు ఎక్కించడాన్ని మేము రీమాస్టర్ అంటాం. బయటివాళ్లు దాన్ని రంగులు వేయడం లాంటి పని అనుకుంటారు. మా బావమరిది ఒకసారి, ఉన్నదాన్నే మళ్లీ చేయడానికి జీతాలెందుకని అడిగాడు కూడా. నిజానికి కొత్త ఆట చేయడమే సులువు. పాతదాంట్లో భయం ఎక్కడ దాక్కుని ఉందో తయారుచేసినవాళ్లకే సరిగా తెలియదు. మా ఆట ఒక పాడుబడ్డ క్షయ ఆస్పత్రిలో జరుగుతుంది. అప్పటి యంత్రానికి దూరంగా ఉన్న గోడలు గీసే శక్తి లేక పొగమంచు పెట్టారు. డిస్కు నుంచి తరువాతి గదిని తెచ్చుకోవడానికి సమయం పట్టేది కాబట్టి తలుపు కిర్రుమంటూ నెమ్మదిగా తెరుచుకునేలా చేశారు. ఆడేవాళ్లు హడలిపోయింది ఆ మంచుకూ, ఆ తలుపుకూ. కొత్త యంత్రానికి ఆ అవస్థలు లేవు గదా అని మావాళ్లు ఉత్సాహంగా మంచు తీసేశారు. తీరా చూస్తే ఆస్పత్రి వెనక ఏమీ లేదు, బూడిదరంగు ఖాళీ. అది చూసి అందరం నవ్వాం. నవ్వొచ్చిందంటే భయం పోయినట్టే గనక మంచును మళ్లీ పెట్టించాం, తలుపును కూడా.

ఇంకో పెద్ద చిక్కు వేగం. పాత యంత్రం సెకనుకు ముప్పై బొమ్మలు చూపేది, కొత్తది అరవై. పాత ప్రోగ్రాములో కదలికలు, కొన్ని శబ్దాల వేగం ఆ బొమ్మల లెక్కకే కట్టి ఉన్నాయి. కొత్త యంత్రంలో మొదటిసారి వేసిన రోజున ఆస్పత్రి దయ్యం చివరి బస్సు అందుకోవాలన్నట్టు పరుగెత్తుకుంటూ వచ్చింది. ప్రోగ్రామర్లు ఒక్కో చోటా వెతికి, వేగాన్ని సగానికి దించే సవరణ పెట్టుకుంటూ పోయారు. అది నెలల తరబడి సాగిన పని, ఎక్కడో ఒక చోట తప్పిపోతుందని అందరికీ తెలుసు.

నా వైపు కష్టం వేరే. పాత డిస్కులో చోటు తక్కువ కాబట్టి శబ్దాలను బాగా కుదించి పెట్టారు. కొత్త టీవీలకు తగిలించిన పెద్ద స్పీకర్లలో అవి డబ్బా మీద కొట్టినట్టు వినిపించేవి. అసలు రికార్డింగులు నిర్మాత పంపించాడు గానీ, జాబితాలో ఒక్కదాని ఎదురుగా 'లభ్యం కాలేదు' అని రాసి ఉంది. అది ఆట చివర్లో, పొడుగాటి వరండాలో, దయ్యం మొదటిసారి నోరు విప్పి ఏడ్చే ఏడుపు. ఆట మొత్తం దాని కోసమే ఎదురుచూస్తుంది. దాన్ని కొత్తగా చేయాలి. డబ్బింగ్ రోజుల్లో తెలిసిన ముగ్గురు కళాకారిణులను పిలిపించాను. బాగానే ఏడ్చారు, కాని టీవీ సీరియల్ ఏడుపు. నిర్మాత నాలుగుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి, ఇందులో ఎవరికీ ఏమీ పోయినట్టు లేదని అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అది నిజం.

అది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న కాలం. ఆ ఏడాది సెప్టెంబరు వచ్చేసరికి బస్సులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల విద్యార్థులు రోజూ రోడ్ల మీదే ఉండేవారు. నేను ఉండేదీ అక్కడే, షేర్ ఆటో దొరికితే ఆటో, లేకుంటే నడక. మా స్టూడియోలో సగం మంది నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు, మిగతావారు కోస్తా వైపువారు. పని గంటల్లో ఆ విషయం ఎత్తకూడదని శ్రీనివాసరావు గారు నోటీసు బోర్డు మీద పెట్టారు. నేను హయత్‌నగర్‌లో పుట్టినవాణ్ని. నా అభిప్రాయం నాకుంది, నేనూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం చౌరస్తాలో రాస్తారోకో జరుగుతోంది. లారీలు, కార్లు ఎటు చూసినా నిలిచిపోయాయి. నినాదాల హోరు నాకు ఎప్పుడైనా పనికొస్తుందని, మైకు కిటికీలోంచి బయటపెట్టి రికార్డర్ నడుపుతున్నాను. శబ్దాలవాళ్లం ఏది దొరికినా దాచుకుంటాం, అదొక జబ్బు. ఇంతలో దవాఖాన నుంచి శవాన్ని తీసుకెళ్తున్న బండి ఒకటి నల్గొండ దిక్కుగా పోవడానికి వచ్చి సరిగ్గా మా కిటికీ కింద ఆగింది. ఉద్యమంలో ప్రాణం పోగొట్టుకున్న ఒక విద్యార్థి అని జనం చెప్పుకున్నారు. నినాదాలు ఆగిపోయాయి. అందరూ లేచి దారి ఇవ్వబోయారు గానీ అడ్డంగా ఇరుక్కున్న లారీ కదలడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ బండిలోంచి తల్లి ఏడుపు ఒక్కటే వినిపించింది.

మైకును బండి వైపు తిప్పాను. ఎవరూ తిప్పమనలేదు, నేనే తిప్పాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటర్ ముల్లు ఎర్రగీత దాటకుండా చూసుకుంటూ నిలబడ్డాను. అంత జనంలో అంత శుభ్రమైన రికార్డింగు దొరకడం నా వృత్తి జీవితంలో లేదు. బండి కదిలి వెళ్లిపోయాక నాకు కలిగినది సంతోషమని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మరునాడు పనిలో కూర్చున్నాను. దయ్యానికి ఊపిరి ఉండదు కదా అని, ఆమె గాలి పీల్చుకున్న చోట్లన్నీ కత్తిరించాను. వేగాన్ని సగానికి తగ్గించాను. అలా చేస్తే గొంతు బరువెక్కి, మాట మాటగా కాక మూలుగులా మారుతుంది. కొంచెం వరండా ప్రతిధ్వని కలిపాను. నిర్మాతకు వినిపిస్తే ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. పాత ఆటలోని ఏడుపు కూడా ఇలా లేదన్నాడు. శ్రీనివాసరావు గారు అందరి ముందూ నన్ను మెచ్చుకుని, స్వీట్లు తెప్పించారు. నేనూ తిన్నాను.

నవంబరులో పరీక్షల దశ మొదలైంది. ఆటను రోజంతా ఆడి తప్పులు పట్టేవాళ్లను టెస్టర్లంటారు. హోదాలో అందరికన్నా కింద, కాంట్రాక్టు మీద ఉండేవాళ్లు. వాళ్లు ఒక్కో తప్పుకూ రిపోర్టు రాసి దానికి తరగతి వేయాలి. ఆట మొత్తం ఆగిపోతే 'ఏ'. ఏదైనా పని చేయకపోతే 'బి'. చప్పుడో రంగో కాస్త తేడాగా ఉంటే 'సి'. ఒక ఉదయం నా పేరు మీద 'ఏ' తరగతి రిపోర్టు వచ్చింది. శబ్దాల విభాగానికి 'ఏ' రావడం నేనెరగను. రాసింది ఎస్తేరు అనే అమ్మాయి. నార్కట్‌పల్లి దాటాక ఉన్న ఒక ఊరి పిల్ల, వాళ్ల నాన్న హయత్‌నగర్ డిపోలో పనిచేసేవాడు. చివరి వరండా అని చోటు రాసి, కింద ఇంగ్లిషులో రెండే వాక్యాలు రాసింది. ఇక్కడ ఒక స్త్రీ తెలుగులో ఏడుస్తోంది. ఆమె నాకు తెలుసు.

నాకు అర్థం కాక వాళ్ల గదికి వెళ్లాను. టెస్ట్ లీడ్ అప్పటికే దాన్ని 'సి'కి దించమని ఆమెతో వాదిస్తున్నాడు. ఎస్తేరు హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చింది. వరండాలో వేగం సవరణ తప్పిపోయింది. నేను సగం చేసిన వేగం యంత్రంలో రెట్టింపై, ఏడుపు తిరిగి మనిషి గొంతుకు వచ్చేసింది. తెర మీద దయ్యం నోరు తెరిచింది. నా చెవుల్లో ఒక నల్గొండ తల్లి, "లెవ్వు కొడకా రాజూ, పొద్దెక్కింది. ఇస్త్రీ అంగీ కుర్సీ మీద పెట్టిన. బస్సొచ్చి నిలవడ్డది, లెవ్వురా," అంటోంది.

మా వైపు ఆడవాళ్లు చనిపోయినవాళ్లను పిలుస్తూ, ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటూ ఏడుస్తారు. మా అమ్మ పోయినప్పుడు మా అక్కలూ అలాగే ఏడ్చారు. మా ఇంట్లో మాట్లాడేదీ ఆ భాషే. ఆ రికార్డింగును కత్తిరించేటప్పుడు అసలు వేగంలోనే ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. అంగీ అన్న మాట ఒక్కసారి కూడా నా చెవికెక్కలేదు. నేను ముల్లును చూశాను, అంతే.

"సార్, గిది ఏడికెల్లి తెచ్చిన్రు?" అని ఎస్తేరు అడిగింది. గొంతు పెంచలేదు. నేను కిటికీ వైపు చూపించాను. "గామె మా చిన్నమ్మ. గా బండిల నేను గూడ ఉన్న," అంది.

సెప్టెంబరులో ఆమె వారం రోజులు రాలేదు. చిన్నమ్మ కొడుకు పోయాడని ఆఫీసంతటికీ తెలుసు. తిరిగి వచ్చిన రోజున గుమ్మంలో ఎదురైతే ధైర్యంగా ఉండమ్మా అని చెప్పాను కూడా. అప్పటికి ఆ ఏడుపు నా కంప్యూటర్లో మూడో రూపంలో ఉంది. ఆ చావూ, నా కిటికీ కింద ఆగిన బండీ ఒకటేనేమో అన్న ఆలోచనే నాకు రాలేదు.

విషయం శ్రీనివాసరావు గారి గదికి చేరింది. ఆయన చెడ్డవాడు కాదు. కాసేపు తల పట్టుకుని, "యాదగిరి గారూ, వేగం సరిచేస్తే మాట వినపడదు కదండీ. బయటి దేశాలవాళ్లకి అసలే తెలీదు. ఎందుకండీ ఇంత రాద్ధాంతం?" అన్నారు. పది రోజుల్లో ఆటను యంత్రం తయారీదారుల తనిఖీకి పంపాలి. దాన్ని సబ్మిషన్ అంటాం, ఆ తేదీ దాటితే మళ్లీ వరుసలో నిలబడాలి. పైగా ప్రతి శబ్దానికీ మూలం ఏమిటో రాసి సంతకం చేసే పత్రం ఒకటుంటుంది. ఆయన దాన్ని తీసి చూపించారు. వరండా ఏడుపు ఎదురుగా నా చేతిరాత, 'సొంత రికార్డింగు'. నియమం ప్రకారం అది అబద్ధం కాదు.

తీసేస్తానని ఎస్తేరుతో చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "నాకు జెప్తే ఏమొస్తది సార్? తీసుకున్నది ఆమె తాన. ఆమెనే అడుగున్రి," అంది. న్యాయమే. ఆ ఆదివారం ఇద్దరం వాళ్ల ఊరికి బస్సులో బయలుదేరాం. దారి పొడుగునా నేను ఏమి చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను, ఒక్క వాక్యమూ నిలబడలేదు.

ఎస్తేరు చిన్నమ్మ మరియమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి ఇంటి ముందు అరుగు మీద కూర్చుంది. నాకన్నా చిన్నదే, కాని పెద్దదానిలా కనిపించింది. కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చింది. ఎస్తేరు నన్ను పరిచయం చేసి, మిగతాది సారే చెప్తడని పక్కకు తప్పుకుంది. నేను రికార్డింగును కత్తిరింపులు లేకుండా, అసలు వేగంలో వినిపించాను. ఆమె హెడ్‌ఫోన్ రెండు చేతులతో నొక్కి పట్టుకుని పది నిమిషాలూ విన్నది. ఏడ్వలేదు. "గిదంత నేనే అన్ననా? నాకేం యాదికి లేదు," అంది. దీన్ని ఏం చేశావని తరువాత అడిగింది.

ఆటలో ఒక దయ్యానికి గొంతుగా పెట్టానని చెప్పాను. ఆ దయ్యం ఏం చేస్తుందని అడిగింది. వరండాలోకి వచ్చినవాణ్ని ఏడుస్తూ వెంటాడి చంపుతుందన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. తాను విన్నది నిజమేనా అన్నట్టు ఎస్తేరు వైపు కూడా చూసింది.

"నేనెవ్వర్ని సంపనీకి ఏడ్వలే సారూ. లెవ్వుమని ఏడ్సిన," అంది.

క్షమించమని అడగలేకపోయాను. తీసేస్తానమ్మా అని మాత్రం అన్నాను. తియ్యమంది.

సోమవారం ఉదయం నిర్మాతతో మాట్లాడాను. శ్రీనివాసరావు గారు పక్కనే కూర్చున్నారు గాని అడ్డు రాలేదు. ఆ గొంతు ఎవరిదో, ఎప్పటిదో, నేనెలా తీసుకున్నానో అన్నీ చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. నిర్మాత కెమెరా వైపు చూడలేదు. వెంటనే తీసేయమన్నాడు, తేదీ సంగతి తాను చూసుకుంటానన్నాడు. వరండాలో ఇంకే ఏడుపూ పెట్టలేదు. దయ్యం నోరు తెరుస్తుంది, ఏమీ వినిపించదు. సబ్మిషన్ రెండు వారాలు ఆలస్యమైంది. నా దగ్గరున్న అన్ని ప్రతులూ, బ్యాకప్ డిస్కులతో సహా, ఎస్తేరు ఎదుటే చెరిపేశాను. కత్తిరించనిది ఒక్కటి మాత్రం సీడీ మీద ఎక్కించి, చిన్నమ్మకు ఇవ్వమని ఆమె చేతికిచ్చాను.

అంతటితో అయిందనుకున్నాను. ఆ కాల్ చివర నిర్మాత, ఇంకొక విషయం మీకు చెప్పాలన్నాడు. ఆ ఏడుపు అంత బాగుందని ఆటకు ప్రచారంగా చేసిన చిన్న వీడియోలో వాడుకున్నారట. అది ఇంటర్నెట్‌లో పెట్టి మూడు వారాలు దాటింది. మావాళ్లెవరూ దాన్ని నాకు చూపించలేదు, నేనూ వెతకలేదు. ఆ రోజే దాన్ని తీయించారు. కాని అప్పటికే జనం దించుకుని, ఆ ఏడుపును విడదీసి, తమ వీడియోలకు అతికించుకున్నారు. ఒకడు ఫోన్ మోతగా పెట్టుకున్నానని గొప్పగా రాసుకున్నాడు. వాటినెవరు తీయించగలరు?

ఎస్తేరుకు చెప్పాను. గీ సంగతి కూడా ఆమెకు మీరే చెప్పాలన్నది. ఈసారి ఒక్కణ్నే వెళ్లాను. మరియమ్మ అంతా విన్నది. "ఆడ నా కొడుకు పేరు వినొస్తదా?" అని అడిగింది. నెమ్మది చేసినందువల్ల పేరు తెలియదని, మూలుగులా ఉంటుందని చెప్పాను.

"అంటే వాని పేరు పోయింది. నా ఏడుపు మిగిలింది," అంది. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్లింది. నేను కాసేపు కూర్చుని, ఆమె ఇక బయటికి రాదని తెలిశాక బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.

ఎస్తేరు ఆ ప్రాజెక్టు పూర్తయ్యే దాకా పనిచేసి వేరే కంపెనీకి మారింది. నేను ఇంకో ఆరేళ్లు అదే స్టూడియోలో ఉండి 2017లో రిటైరయ్యాను. ఆట బాగానే అమ్ముడుపోయింది. చివరి వరండాలో దయ్యం గొంతు వినిపించకపోవడం లోపమని కొందరు రాశారు, అదే ఎక్కువ భయపెట్టిందని కొందరు రాశారు. నేను ఎవరికీ జవాబు రాయలేదు.

చప్పుడు గాలిలో ఉంటుంది కాబట్టి అది ఎవరిదీ కాదని, పట్టుకున్నవాడిదేనని నమ్మి నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆ నమ్మకం తప్పని ఈ ఉదంతం నాకు నేర్పింది. అడగకుండా తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చే వీలు కొంతవరకు ఉంటుంది. మన చేయి దాటి బయటికి వెళ్లాక ఆ వీలు కూడా ఉండదు. తరువాత నా దగ్గర పనిలో చేరినవాళ్లకు మైకు పట్టుకోవడం కంటే ముందు, కిందికి దిగి వెళ్లి అడగడం నేర్పాను. మా కిటికీ నుంచి ఆ బండి దగ్గరికి ముప్పై ఆరు మెట్లు. ఆ రోజు బండి అక్కడ పది నిమిషాలు ఆగింది.